సిమ్యులేటర్‌లో జెట్ ఇంజిన్: ఇంధనం నుంచి థ్రస్ట్ దాకా, ప్రాజెక్టు డైరీ

ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి మామూలుగా అందరూ చేసేది ఒకటే: గరిష్ఠ థ్రస్ట్ (ఇంజిన్ తోపు బలం) సరిగ్గా పెట్టి, ఎన్1 (ముందున్న ఫ్యాన్ వేగం), ఎన్2 (లోపలి కోర్ రోటర్ వేగం), ఈజీటీ (ఇంజిన్ వదిలే వాయువుల ఉష్ణోగ్రత) ముళ్లని దానికి తగ్గట్టు కదిలిస్తారు. టేకాఫ్‌లో తేడా తెలియదు. ల్యాండింగ్‌కి దిగుతూ లీవర్ మొత్తం వెనక్కి లాగి, మళ్లీ ఒక్కసారి ముందుకు తోసి చూడండి, అప్పుడు బయటపడుతుంది.

నేను పట్టుకున్న వరస ఇది: లీవర్ వేగాన్ని అడుగుతుంది, కంట్రోలర్ ఇంధనం ఇస్తుంది, ఇంధనం రోటర్‌ని తిప్పుతుంది, రోటర్ గాలిని తోస్తుంది, థ్రస్ట్ చివర్లో వస్తుంది. ఈ వరసలో ఏ మెట్టూ వదలకుండా లెక్క కడితే మిగతా ప్రవర్తన చాలావరకు దానంతటదే వస్తుంది. ఎక్కడెక్కడ రాలేదో, అక్కడ ఏం మార్చానో కింద ఉంది.

వాడినవి: జేఎస్‌బీసిమ్ ఫ్లైట్ మోడల్ (విమానం కదలికల్ని లెక్కకట్టేది), చూడ్డానికి ఫ్లైట్‌గేర్, కొలతలకి పైథాన్. జేఎస్‌బీసిమ్‌ని పైథాన్ నుంచి నేరుగా, తెర లేకుండా నడపొచ్చు. ఈ పనికి అది చాలా ముఖ్యం, ఎందుకంటే ప్రతి మార్పు తర్వాత కాక్‌పిట్‌లో కూర్చుని చూస్తే కంటికి నచ్చినదే సరైనదనిపిస్తుంది.

దశ 1: ఏ ఇంజిన్, ఏ అంకెలు

సీఎఫ్ఎమ్56-7బీ26 తీసుకున్నాను. బోయింగ్ 737-800లో ఉండే ఇంజినే. దీన్ని ఎంచుకోవడానికి కారణం అంకెలు బయట దొరకడం.

1. టేకాఫ్ థ్రస్ట్ 117 కిలోన్యూటన్లు, అంటే 26,300 పౌండ్లు. బైపాస్ నిష్పత్తి (కోర్ పక్కనుంచి పోయే గాలికీ, కోర్ లోపలికి వెళ్లే గాలికీ ఉన్న నిష్పత్తి) 5.1.
2. ఎన్1 100 శాతం అంటే నిమిషానికి 5,175 చుట్లు, ఎన్2 100 శాతం అంటే 14,460. ఎర్రగీతలు (దాటకూడని హద్దులు) 104, 105 శాతం.
3. ఈజీటీ పరిమితి టేకాఫ్‌లో 950 డిగ్రీల సెల్సియస్, నేల మీద స్టార్ట్ చేసేటప్పుడు 725.
4. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఎమిషన్స్ డేటాబ్యాంక్‌లో ఒక్కో ఇంజిన్‌కి ఇంధన ప్రవాహం: 100 శాతం థ్రస్ట్ దగ్గర సెకనుకి 1.221 కేజీ, 85 దగ్గర 0.999, 30 దగ్గర 0.338, 7 దగ్గర 0.113.

నాలుగోదాన్ని గట్టిగా పట్టుకోండి. ఎవరికైనా ఉచితంగా దొరికే నమ్మకమైన కొలత ఇది, దాదాపు ప్రతి పెద్ద జెట్ ఇంజిన్‌కీ ఉంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అందులో ఐడిల్ (లీవర్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పటి కనిష్ఠ వేగం) అని రాసిన 7 శాతం ఒక ఒప్పందపు అంకె, నేల మీద ఇంజిన్ నిజంగా తిరిగే ఐడిల్ అంతకంటే తక్కువ. నిలబడి ఉన్నప్పుడు థ్రస్ట్ సుమారుగా ఎన్1 వర్గంతో పెరుగుతుందని పెట్టుకుని, టేకాఫ్ ఎన్1 97 అనుకుంటే, ఎన్1 21 దగ్గర థ్రస్ట్ 4.7 శాతం వస్తుంది. 7 శాతం రావాలంటే ఎన్1 దాదాపు 26 ఉండాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే టాక్సీలో విమానం ఆగకుండా పరుగెడుతుంది.

వేగం పుంజుకునే సమయానికి అమెరికా నిబంధనలు రెండు గీతలు ఇస్తాయి. ఇంజిన్ నిబంధన 33.73 ప్రకారం ఫ్లైట్ ఐడిల్ నుంచి, అది లేకపోతే 15 శాతానికి మించని థ్రస్ట్ నుంచి, 95 శాతానికి 5 సెకన్లలోపు చేరాలి. విమానం నిబంధన 25.119 అయితే ల్యాండింగ్ వదిలేసి పైకి లేచేటప్పుడు, లీవర్ కదిపిన 8 సెకన్లకి ఎంత థ్రస్ట్ ఉంటుందో దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. నా మోడల్‌కి మొదటిది పరీక్ష, రెండోది కొలమానం.

దశ 2: ఉన్న టర్బైన్ మోడల్‌ని కొలవడం

జేఎస్‌బీసిమ్‌లో రెడీగా ఉన్న టర్బైన్ మోడల్ చెడ్డదేమీ కాదు. బైపాస్ నిష్పత్తినీ, గాలి సాంద్రతనీ చూసి ఎన్2 ఎంత వేగంగా ఎక్కాలో నిర్ణయిస్తుంది, కింద నెమ్మదిగా, పైన వేగంగా. నా ఫైల్‌లో ఐడిల్ నుంచి పూర్తి లీవర్‌కి ఐదున్నర సెకన్ల దరిదాపుల్లో వచ్చింది. థ్రస్ట్ మాత్రమే కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు మూడు చోట్ల చాలలేదు.

మొదటిది, ఇంధనం థ్రస్ట్ నుంచి పుడుతోంది. నిజం ఇంజిన్‌లో లీవర్ తోయగానే ముందు ఎగిరేది ఫ్యూయల్ ఫ్లో, ఆ తర్వాతే ఎన్2. ఇక్కడ థ్రస్ట్ పెరిగాక దాని వెనక ఫ్యూయల్ ఫ్లో వస్తోంది.

రెండోది, ఈజీటీ నేరుగా లీవర్‌కి కట్టేసి ఉంది. రోటర్ ఇంకా కదలకముందే ఉష్ణోగ్రత కొత్త అంకె దగ్గర నిలబడిపోతుంది, దాటి వెళ్లి వెనక్కి రావడం అనేదే లేదు.

మూడోది స్టార్ట్. ఒకసారి వెలిగిందంటే స్టార్టర్ తీసేసినా ఎన్2 ఐడిల్ దాకా ఎక్కుతుంది. అంటే హంగ్ స్టార్ట్ (వెలిగాక కూడా ఐడిల్ చేరకుండా మధ్యలో వేలాడటం) రావడానికి వీల్లేదు.

ఈ మూడూ ఒకే కారణం నుంచి వచ్చాయి: ఎన్2 ఒక గీసిపెట్టిన గీత వెంట నడుస్తోంది, దాని వెనక శక్తి లెక్క లేదు. గీతని సవరిస్తూ పోతే ఒకటి సర్దుకునేసరికి ఇంకోటి తప్పుతుంది. అందుకే లోపలి ఇంజిన్ థ్రస్ట్‌ని సున్నా చేసి, నా లెక్కలో వచ్చిన బలాన్ని ఎక్స్‌టర్నల్ రియాక్షన్స్ (బయటి బలాలు వేసే భాగం) ద్వారా ఇంజిన్ ఉన్న చోట వేశాను. ఇలా చేస్తే ట్యాంకుల నుంచి ఇంధనం తగ్గించే పని కూడా మనమే చూసుకోవాలి, అది మర్చిపోవద్దు.

దశ 3: ఇంధనం లెక్క

ముందుగా సులువైన దారి చూశాను: టేకాఫ్ దగ్గర ఒక కిలోన్యూటన్‌కి సెకనుకి 10.44 గ్రాములు, ఇదే అంకె అన్నిచోట్లా. పరీక్షకి ఐకావో వాళ్ల ల్యాండింగ్-టేకాఫ్ చక్రం వాడాను. టేకాఫ్ 0.7 నిమిషం, ఎక్కడం 2.2, అప్రోచ్ 4, ఐడిల్ 26 నిమిషాలు.

- టేకాఫ్: డేటాబ్యాంక్ 51.3 కేజీ, మోడల్ 51.3
- ఎక్కడం: 131.9, మోడల్ 137.0
- అప్రోచ్: 81.1, మోడల్ 87.9
- ఐడిల్: 176.3, మోడల్ 133.3
- మొత్తం: 440.6, మోడల్ 409.5

మొత్తంలో తేడా 7 శాతమే కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఐడిల్ 24 శాతం తక్కువ, ఎక్కడం, అప్రోచ్ రెండూ ఎక్కువ, ఒకదాని తప్పుని ఇంకోటి కప్పేసింది. జెట్ ఇంజిన్ కింది వేగాల్లో తన కంప్రెసర్‌ని తిప్పుకోవడానికే చాలా ఇంధనం ఖర్చు పెడుతుంది. ఒకే అంకె ఆ సంగతిని పట్టుకోలేదు.

మార్చింది: నాలుగు పాయింట్లని టేబుల్‌గా పెట్టి మధ్యలో వక్రరేఖ వేశాను. ఇప్పుడు మొత్తం 440.6 రావడం వింత కాదు, మనం పెట్టిన అంకెలే కదా. అందుకే దీన్ని పాసైన పరీక్షగా లెక్కపెట్టలేదు. అసలు పరీక్ష పైకి వెళ్లాక ఉంటుంది.

దశ 4: రోటర్

డైరీలో ఎక్కువ భాగం ఇదే, ఎందుకంటే చేతికి ఇంజిన్‌లా అనిపించేది ఇక్కడే.

సమీకరణం చిన్నది. ఎన్2 మారే రేటు = కే × (ఇస్తున్న ఇంధనం − ఆ వేగం దగ్గర నిలకడకి కావాల్సిన ఇంధనం) ÷ ఎన్2. కే ఒక స్థిర గుణకం. ఎన్2ని 0 నుంచి 1 మధ్య భిన్నంగా, ఇంధనాన్ని సెకనుకి కేజీల్లో తీసుకున్నాను. నిలకడ ఇంధనం ఎన్2 59 శాతం దగ్గర 0.10, 100 శాతం దగ్గర 1.221. ఈ రెండు చివరల్ని కలిపే ఘాతం 4.74. అంటే ఎన్2 కొంచెం పెరిగితే చాలు, ఇంధనం అవసరం విపరీతంగా పెరుగుతుంది.

ఇప్పుడు లీవర్ తోసినప్పుడు ఎంత అదనపు ఇంధనం ఇవ్వాలి? ఎంత పడితే అంత ఇవ్వడానికి లేదు. ఎక్కువైతే దహనగదిలో పీడనం పెరిగి కంప్రెసర్ గాలిని ముందుకు తోయలేక సర్జ్ (గాలి వెనక్కి తన్నడం) అవుతుంది, తక్కువైతే వేగం పుంజుకోదు. నిజం ఇంజిన్‌లో ఫాడెక్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఈ హద్దుని కంప్రెసర్ చివరి పీడనం, ఎన్2 చూసి నిర్ణయిస్తుంది. నేను మొదట అన్ని వేగాల దగ్గరా నిలకడ ఇంధనానికి 30 శాతం ఎక్కువ అని పెట్టాను, కే విలువ 0.53.

నేల ఐడిల్ నుంచి లీవర్ పూర్తిగా తోస్తే వచ్చినవి:

- 3 సెకన్లకి ఎన్2 70, థ్రస్ట్ ఆరో వంతు
- 5 సెకన్లకి ఎన్2 85, థ్రస్ట్ దాదాపు సగం
- 6 సెకన్లకి ఎన్2 98.5, థ్రస్ట్ 95 శాతం

మొదటి సగం చాలా బాగుంది. లీవర్ తోశాక ఏమీ జరగనట్టు ఉండే ఆ మూడు సెకన్లు, పైలట్లకి టెన్షన్ పెట్టే ఆ భాగం, ఎక్కడా ఆలస్యం అని రాయకుండానే వచ్చేసింది. కారణం తేలికే: ఐడిల్ దగ్గర 30 శాతం అదనం అంటే సెకనుకి 30 గ్రాములు మాత్రమే, పైన అదే 30 శాతం 360 గ్రాములు. ఇంజిన్ తన వేగంతోనే తన బలం పెంచుకుంటుంది.

చెడింది ఆఖరి సెకను. మొత్తం థ్రస్ట్‌లో సగం ఆ ఒక్క సెకనులోనే వచ్చిపడింది. విమానం ముక్కు ఒక్కసారిగా పైకి ఎగిరింది, రెండు ఇంజిన్ల మధ్య పావు సెకను తేడా ఉంటే చాలు, రన్‌వే మీంచి పక్కకి లాగేసింది.

అదనం శాతాన్ని తగ్గిస్తే ఆఖరి సెకను మెత్తబడింది, కానీ మొదటి భాగం మరీ సాగిపోయి 5 సెకన్ల నిబంధన తప్పింది. కేని తగ్గించినా అంతే, రెండూ ఒకే గుణకంలో ఉన్నాయి కాబట్టి. కింద ఒక హద్దు, పైన ఇంకో హద్దు కావాలి. ఫాడెక్‌లు ఎన్2 త్వరణానికి కూడా పరిమితి పెడతాయి, అదే పెట్టాను: ఎన్2 సెకనుకి 9 శాతం కంటే వేగంగా పెరగకూడదు. అది దాటేలా ఉంటే ఇంధనం కోసేస్తుంది.

మార్పు తర్వాత:

1. నేల ఐడిల్ (ఎన్2 59) నుంచి 95 శాతం థ్రస్ట్‌కి 6.6 సెకన్లు. సగం సమయానికి థ్రస్ట్ ఐదో వంతే.
2. అప్రోచ్ ఐడిల్ (ఎన్2 68, థ్రస్ట్ సుమారు 15 శాతం) నుంచి 4 సెకన్లు. నిబంధన 5, కాబట్టి పాస్.
3. రేటు పరిమితి ఎన్2 81 దగ్గర పనిచెయ్యడం మొదలుపెడుతుంది. దానికి కింద అంతా ఇంధన హద్దే.

ఈ రెండు సమయాల మధ్య తేడా చూస్తే విమానాల్లో అప్రోచ్ ఐడిల్ అనేది ఎందుకుందో తెలిసిపోతుంది. 737లో ల్యాండింగ్ ఫ్లాప్స్ దింపితే ఐడిల్ కాస్త పైకి లేస్తుంది, చక్రాలు నేలని తాకిన 5 సెకన్ల దాకా అక్కడే ఉంటుంది. తొమ్మిది శాతం ఎన్2 కోసం ఇంత ఏర్పాటా అనిపించొచ్చు, కానీ ఆ తొమ్మిది శాతమే రెండున్నర సెకన్లు.

వేగం తగ్గేటప్పుడు నిలకడ ఇంధనంలో 60 శాతానికి తక్కువ పోనివ్వలేదు, లేకపోతే మంట ఆరిపోతుంది. పై నుంచి నేల ఐడిల్‌కి నాలుగున్నర సెకన్లు వస్తోంది, మొదట వేగంగా పడి చివర్లో నెమ్మదిస్తుంది.

ఇప్పటిదాకా లెక్క: నేల ఐడిల్ 6.6 సెకన్లు, అప్రోచ్ ఐడిల్ 4.0, ఇంధన చక్రం 440.6 కేజీ.

దశ 5: గవర్నర్

ఈ ఇంజిన్‌లో లీవర్ ఎన్1ని అడుగుతుంది. కాబట్టి ఎన్1 తేడా చూసి ఇంధనం పెంచి తగ్గించే పీఐ లూప్ (ఇప్పటి తేడానీ, ఇంటిగ్రేటర్‌లో పోగైన తేడానీ చూసి సరిదిద్దే లెక్క) కావాలి, దాని మీద దశ 4 హద్దులు. ఇక్కడ రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి, రెండూ ఎవరికైనా ఎదురయ్యేవే.

ఒకటి, ఎన్1 ప్రతిసారీ 103.6 దాకా పోయి, ఎర్రగీతకి ఆనుకుని, మూడు నాలుగు సెకన్ల తర్వాత 97కి దిగేది. గెయిన్లు (లూప్ గుణకాలు) ఎంత మార్చినా పోలేదు. గ్రాఫులో ఇంటిగ్రేటర్‌ని విడిగా గీస్తే దొరికింది: వేగం పుంజుకునే ఆరు సెకన్లూ ఇంధనం హద్దు దగ్గర కట్టేసి ఉంది, ఇంటిగ్రేటర్ మాత్రం తేడాని కూడబెట్టుకుంటూనే ఉంది. గమ్యం చేరేసరికి ఆ పోగు అంతా ఒక్కసారి బయటికొస్తోంది. హద్దు అమల్లో ఉన్నంతసేపు ఇంటిగ్రేటర్‌ని ఆపెయ్యాలి. జేఎస్‌బీసిమ్ పీఐడీ భాగంలో దీనికోసమే ట్రిగ్గర్ అనే ఆప్షన్ ఉంది, అది సున్నా కాకపోతే కూడబెట్టడం ఆగుతుంది. పెట్టాక ఎన్1 97.4 దాటలేదు.

రెండోది ఫ్రేమ్ రేటు. మొదటి వెర్షన్‌ని ఫ్లైట్‌గేర్ నాసల్ స్క్రిప్టులో రాశాను, త్వరగా మార్చుకోవచ్చని. సెకనుకి 60 ఫ్రేములు వస్తున్నప్పుడు నిలకడగా ఉన్న ఎన్1, మేఘాలు ఎక్కువై ఫ్రేములు 20కి పడగానే అటూ ఇటూ ఒకటిన్నర శాతం ఊగడం మొదలుపెట్టింది. నాసల్ లూప్ తెర గీసే వేగంతో నడుస్తుంది, దృశ్యాన్ని బట్టి ఇంజిన్ మారిపోతుందన్నమాట. లూప్ మొత్తాన్ని జేఎస్‌బీసిమ్ సిస్టమ్ ఫైల్‌లోకి మార్చాను, అక్కడ సెకనుకి 120 సార్లు, తెరతో సంబంధం లేకుండా నడుస్తుంది. ఊగడం పోయింది. నాసల్‌లో ముళ్లు, శబ్దాలు మాత్రమే ఉంచండి, భౌతికశాస్త్రం వద్దు.

దశ 6: ఎత్తు, వేగం, ఎండ

ముందు చూసింది గాలి సాంద్రతతో గుణించడం. 35,000 అడుగుల దగ్గర సాంద్రత నేల మీద ఉన్నదానిలో 0.31, కాబట్టి 117 కిలోన్యూటన్లు 36 అవుతాయి. ఈ ఇంజిన్ క్రూజ్‌లో ఇవ్వగలిగేది సుమారు 24. సగం ఎక్కువ థ్రస్ట్‌తో విమానం రాకెట్‌లా ఎక్కింది.

తప్పిపోయింది రామ్ డ్రాగ్. ఎదురుగా వచ్చే గాలిని మింగడానికే ఇంజిన్ మూల్యం చెల్లిస్తుంది. లెక్క పూర్తిగా ఇస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది:

1. 35,000 అడుగులు, మాక్ 0.78. బయట 218.8 కెల్విన్, 23.84 కిలోపాస్కల్. ఆ వేగంలో ఇంజిన్ మూతి దగ్గర మొత్తం ఉష్ణోగ్రత 245.4 కెల్విన్, మొత్తం పీడనం 35.6 కిలోపాస్కల్.
2. థీటా (నేల మీది ప్రామాణిక ఉష్ణోగ్రతతో నిష్పత్తి) = 245.4 ÷ 288.15 = 0.852, దాని వర్గమూలం 0.923. డెల్టా (అలాగే పీడనం నిష్పత్తి) = 35.6 ÷ 101.3 = 0.352.
3. నేల మీద టేకాఫ్‌లో ఇంజిన్ మింగే గాలి సెకనుకి సుమారు 354 కేజీ. అదే కరెక్టెడ్ వేగం (ఎన్1ని థీటా వర్గమూలంతో భాగిస్తే వచ్చేది) దగ్గర పైన 354 × 0.352 ÷ 0.923 = 135 కేజీ.
4. విమానం వేగం సెకనుకి 231 మీటర్లు. రామ్ డ్రాగ్ 135 × 231 = 31.2 కిలోన్యూటన్లు.
5. నాజిల్ పీడన నిష్పత్తి పెరిగినందువల్ల జెట్ వేగం 330 నుంచి సుమారు 398కి పెరుగుతుంది. మొత్తం తోపు 53.7. అందులోంచి 31.2 తీసేస్తే మిగిలేది 22.5 కిలోన్యూటన్లు.

ఇది కరెక్టెడ్ ఎన్1 97 దగ్గర, అంటే ముల్లు మీద 89.5. ఎన్1 ఇంకో రెండు మూడు శాతం పెంచితే 24 వచ్చేస్తుంది.

నన్ను ఒప్పించింది మాత్రం ఇంధనం. ఫ్యూయల్ ఫ్లో డెల్టాతోనూ, థీటా వర్గమూలంతోనూ గుణించబడుతుంది: 1.221 × 0.352 × 0.923 = సెకనుకి 0.397 కేజీ, గంటకి దాదాపు 1,430. కిలోన్యూటన్‌కి 17.6 గ్రాములు. నేల మీద అది 10.4. క్రూజ్‌లో ఒక్కో పౌండు థ్రస్ట్‌కి గంటకి 0.62 పౌండ్ల ఇంధనం అన్నమాట, ఈ తరం ఇంజిన్లకి ఉండాల్సిన చోటే ఉంది. దీన్ని నేను ఎక్కడా పెట్టలేదు, నేల మీది అంకెల నుంచి వచ్చింది. అసలు పరీక్ష అని దశ 3లో అన్నది దీని గురించే.

ఎండరోజు సంగతి కూడా ఈ సూత్రాల్లోంచే వస్తుంది. ఈ ఇంజిన్ నేల మట్టంలో 30 డిగ్రీల దాకా పూర్తి థ్రస్ట్ ఇవ్వాలి. 15 డిగ్రీల రోజున ఎన్1 97 చాలితే, 30 డిగ్రీల రోజున అదే థ్రస్ట్‌కి 99.5 కావాలి. దాని పైన ఎండ పెరిగేకొద్దీ ఎన్1 లక్ష్యాన్ని తగ్గించుకుంటూ పోవాలి. ఈ విరుపు లేని మోడల్‌లో 40 డిగ్రీలు దాటిన రోజున ఈజీటీ ఎర్రగీత దాటుతుంది, కింద చూడండి.

ఇప్పటిదాకా లెక్క: నేల ఐడిల్ 6.6, అప్రోచ్ ఐడిల్ 4.0, క్రూజ్ థ్రస్ట్ 22.5 కిలోన్యూటన్లు ఎన్1 89.5 దగ్గర, క్రూజ్ ఇంధనం కిలోన్యూటన్‌కి 17.6 గ్రాములు.

దశ 7: ఈజీటీ

నిలకడ ఈజీటీ ఎన్2 మీద ఆధారపడే టేబుల్, టేకాఫ్‌లో 15 డిగ్రీల రోజున 850. బయటి వేడి పెరిగితే కెల్విన్‌లో థీటాతో గుణించాలి: 1,123 కెల్విన్ 30 డిగ్రీల రోజున 1,181 అవుతుంది, అంటే 908 సెల్సియస్. సెల్సియస్ అంకెనే గుణిస్తే 894 వస్తుంది, అది తప్పు. 950కి మిగిలిన దూరం 42 డిగ్రీలే, అందుకే పైన చెప్పిన విరుపు.

వేగం పుంజుకునేటప్పుడు ఇంధనం ముందు వస్తుంది, గాలి తర్వాత. కాబట్టి ప్రతి 10 శాతం అదనపు ఇంధనానికి 60 డిగ్రీలు కలిపాను. దశ 4 మొదటి వెర్షన్‌లో ఇది చివర్లో 1,030కి ఎక్కింది. రేటు పరిమితి పెట్టాక ఎన్2 95 దగ్గర అదనం 30 నుంచి 17 శాతానికి పడిపోయింది, ఈజీటీ 950 దరిదాపుల్లో. మిగతాది థర్మోకపుల్ (ఉష్ణోగ్రత సెన్సర్) ఆలస్యం: ఒకటిన్నర సెకన్ల లాగ్ ఫిల్టర్ వేశాక ముల్లు 910 దాకా ఎక్కి నెమ్మదిగా 850కి దిగింది. రోటర్‌ని సరిచెయ్యడానికి పెట్టిన హద్దే ఉష్ణోగ్రతని కూడా సరిచేసిందంటే లెక్క సరైన దారిలో ఉన్నట్టే.

దశ 8: స్టార్ట్

దశ 4 ఘాతాన్ని ఐడిల్ కిందికి అలాగే పొడిగిస్తే ఎన్2 25 దగ్గర నిలకడ ఇంధనం గంటకి 6 కేజీ అని చెబుతుంది. అంటే చిటికెడు ఇంధనంతో ఇంజిన్ తనంతట తాను తిరిగేస్తుంది, స్టార్టర్‌తో పనే లేదు. నిజంలో ఆ వేగాల్లో కంప్రెసర్ చాలా అసమర్థంగా ఉంటుంది, మంట వెలిగినా టర్బైన్ ఒక్కటే దాన్ని మొయ్యలేదు.

అందుకని 50 శాతం కింద ఘాతాన్ని వదిలేసి, విడిగా టార్క్ టేబుల్ పెట్టాను: కంప్రెసర్ లాగుడు, టర్బైన్ తోపు, స్టార్టర్ తోపు మూడూ వేర్వేరు వరసలు. స్టార్టర్ తోపు ఎన్2 పెరిగేకొద్దీ తగ్గి 56 దగ్గర తెగిపోతుంది. క్రమం ఇది:

1. బ్లీడ్ గాలి (స్టార్టర్‌ని తిప్పే పీడన గాలి), స్టార్టర్ ఆన్. ఎన్2 25 దాకా ఆగాలి.
2. ఫ్యూయల్ లీవర్ పైకి. కొద్ది సెకన్లలో ఈజీటీ కదలాలి.
3. ఎన్2 56 దగ్గర స్టార్టర్ కట్.
4. ఎన్2 59 దగ్గర ఐడిల్, ఈజీటీ శిఖరం దాటి దిగాలి.

మొదటిసారి ఈజీటీ 780 దాటింది, పరిమితి 725. కారణం స్టార్ట్ ఇంధనం ఒకే అంకె కావడం. ఎన్2తో పాటు నెమ్మదిగా పెరిగేలా మార్చాక శిఖరం 610 దగ్గర ఆగింది.

తర్వాత అసలు కావాల్సిన పరీక్ష: ఎన్2 40 దగ్గర కావాలనే స్టార్టర్ తీసేశాను. ఎన్2 42 దగ్గర వేలాడింది, ఈజీటీ ఆగకుండా ఎక్కుతూ పోయింది, ఇంధనం కట్ చేస్తేనే దిగింది. హంగ్ స్టార్ట్ కోసం ఒక్క లైను కూడా రాయలేదు. బ్లీడ్ పీడనం తక్కువగా ఇచ్చినా ఇదే వస్తుంది, కాస్త పైన వేలాడుతుంది.

మిగిలినవి

గాలిలో ఆరిపోయిన ఇంజిన్ ఎదురుగాలికి తిరగడం ఇంకా సరిగా లేదు. ఎన్1 వస్తోంది, ఎన్2 చాలా తక్కువ వస్తోంది, కాబట్టి స్టార్టర్ లేకుండా తిరిగి వెలిగించడం కుదరడం లేదు. కింది టార్క్ టేబుల్‌కి మాక్ అనే రెండో అక్షం పెడుతున్నాను. రివర్స్ థ్రస్ట్‌కి ఇప్పుడున్నది ఒట్టి గుణకం, అక్కడ రామ్ డ్రాగ్ కలవాలి. ఈ రెండూ అయ్యేదాకా కే 0.53, అదనం 30 శాతం, రేటు 9, లాగ్ 1.5 అంకెల్ని కదపను. వేరే ఇంజిన్‌కి వాడేవాళ్లు డేటాబ్యాంక్ నుంచి నాలుగు ఇంధన పాయింట్లూ మార్చి, ఘాతం మళ్లీ కట్టి, ముందుగా 5 సెకన్ల పరీక్ష నడపండి. అది తప్పితే కేని ముట్టుకునే ముందు అప్రోచ్ ఐడిల్ ఎన్2 ఎక్కడ పెట్టారో చూడండి.